అమ్మకం మూసిన తరవాత

లాటరీ మనిషినని తెలిస్తే చాలు, ఎవరైనా నన్ను అడిగే మొదటి మాట ఒకటే: "ఈ వారం ఏ నంబరు కట్టమంటారు?" గుళ్ళో పూజారి అడిగారు. పన్ను పీకడానికొచ్చిన డాక్టరు, నా నోట్లో సూది ఉండగానే అడిగాడు. నాకు తెలీదంటే ఎవరూ నమ్మరు. నిజానికి నా ఉద్యోగమే అది. గెలిచే నంబరు ముందుగా తెలుసుకునే దారి ఎవరికీ, నాతో సహా, లేదని తేల్చడం.

మొదట కౌలాలంపూర్‌లో లైసెన్సున్న ఒక నాలుగంకెల లాటరీ కంపెనీలో, డ్రా భద్రత చూసే విభాగంలో చేశాను. తరవాత రిటైరయ్యేదాకా, అదే ఊళ్ళో బ్రిక్‌ఫీల్డ్స్ పేటకి కాస్త దూరంలో, రకరకాల దేశాల లాటరీలను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఒక ల్యాబ్‌లో. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు కంప్యూటర్లు బాగా చదువుకుని వస్తున్నారు. నన్ను కలిస్తే లెక్కలు అడుగుతారు. లెక్కలు పుస్తకాల్లో ఉన్నాయి. నేను రాసేది ఇద్దరు బాసులు, ఒక తమ్ముడు, ఒక డ్రా గురించి.

మాది మలేషియా పడమటి తీరాన బాగన్ దాతుక్. కొబ్బరి తోటల్లో పనికని వచ్చిన శ్రీకాకుళం వాళ్ళ మనవరాలిని. నేను రాసే తెలుగు, మా ఊరి తెలుగు సంఘం బళ్ళో ఆదివారాలు నేర్చుకున్నది. ఇంట్లో మాట్లాడేది వేరు. మా వాళ్ళ మాటలు వాళ్ళు అన్నట్టే రాస్తున్నాను, చివర్లో తగిలించే మలయ్ "లా"తో సహా.

లిమ్ గారి తలుపు

నా మొదటి బాసు లిమ్ గారు. సన్నటి మనిషి. డ్రా ఉన్న రోజు మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు కూడా తాగేవారు కాదు, బాత్రూంకని హాలు వదలాల్సి వస్తుందని. నేను చేరిన రోజునే అడిగారు:

"నువ్వు దొంగవైతే ఈ డ్రాని ఎక్కడ మోసం చేస్తావు?"

"బంతుల దగ్గర," అన్నాను. "ఒకదాని బరువు మారుస్తాను. లేకపోతే మిషనులో గాలి."

ఆయన తల అడ్డంగా ఊపారు. "బంతుల్ని అందరూ చూస్తారు. హాల్లో జనం, టీవీలో జనం, ఆడిటరు. అందరూ చూసే చోట దొంగకేం పని? నువ్వు తలుపు చూడు."

తలుపంటే అమ్మకం మూసే క్షణం. దేశమంతా ఉన్న దుకాణాల్లో టికెట్ల అమ్మకం ఆగిపోవాలి. ఎవరు ఏ నంబరు కొన్నారన్న రికార్డు మొత్తానికి సీలు పడాలి. దాని నకలు కంపెనీ చేతుల్లో లేని ఇంకొకరి దగ్గరికి చేరాలి. ఆ తరవాతే బంతి కదలాలి. ఈ వరస తప్పిందా, మిషను ఎంత నిజాయితీదైనా లాభం లేదు. నంబరు వచ్చాక టికెట్టు పుట్టించవచ్చు. లేదా టికెట్లు చూశాక నంబరు పుట్టించవచ్చు.

ఒక ఆదివారం అమ్మకం మూశాక, జొహోర్‌లో ఒక దుకాణంలో టికెట్లు అమ్మే టెర్మినల్ ఇంకా తెరిచే ఉన్నట్టు మా తెర మీద కనిపించింది. లిమ్ గారు డ్రా ఆపేశారు. హాలు నిండా జనం, ప్రసారానికి సిద్ధంగా కెమెరాలు. పైనుంచి పెద్దాయన పరిగెత్తుకొచ్చి అరిచారు: "ఒక్క దుకాణం కోసమా? మొత్తం దేశం ఎదురుచూస్తోంది!"

"తలుపు మూసుకోలేదు," అన్నారు లిమ్ గారు. అంతే.

చూస్తే అది ఉత్త కేబుల్ లోపం. మోసం లేదు, మోసపు నీడ లేదు. మర్నాడు క్యాంటీన్‌లో అందరూ నవ్వారు. నేను మొహమాటంగా, "మనం అనవసరంగా అనుమానించాం కదా సార్" అన్నాను.

"తలుపు దగ్గర నిలబడినవాడు అనుమానించకపోతే అప్పుడు వాడే అనవసరం," అన్నారాయన.

ఆయన దగ్గర నేర్చుకున్న రెండో సంగతి "సోల్డ్ అవుట్" బోర్డు. మన మలేషియాలో పందెం ఎలా కడతారో మీకు తెలుసు: నంబరు కొనేవాళ్ళే ఎంచుకుంటారు, ఒకే నంబరు ఎంతమందైనా కట్టొచ్చు. హైవే మీద కారు బోల్తా పడితే దాని నంబరు ప్లేటు. ఎవరైనా పోతే వాళ్ళ ఇంటి నంబరు. కలలో పాము వస్తే పాముకో నంబరు. ఒకసారి ఒక పెద్ద ప్రమాదం ఫొటో పత్రికలో పడింది. కారు నంబరు స్పష్టంగా కనపడుతోంది. పొద్దున్నే దుకాణాల ముందు వరసలు. మధ్యాహ్నానికి మా కంపెనీ ఆ నంబరు అమ్మడం ఆపేసింది.

డబ్బిస్తామంటే వద్దనడమేమిటని అడిగాను.

"ఆ నంబరు వస్తే మనం మునిగిపోతాం. రాదని మనకి తెలీదు. తెలీదు కనకే ఆపుతున్నాం," అన్నారు లిమ్ గారు. ఆపైన, "ఏ నంబరైనా, ఎంతైనా కట్టండి అనేవాడు కనపడితే జాగ్రత్త. వాడు పిచ్చివాడైనా అయి ఉండాలి, వాడికి తెలిసైనా ఉండాలి" అన్నారు.

దేశానికో తీరు

ల్యాబ్‌లో చేరాక నాకు లోకం తెలిసింది. లాటరీ అంటే అందరికీ ఒకటే ఊహ. చట్టం మాత్రం దేశానికో తీరు.

బ్రిటన్‌లో జాతీయ లాటరీ నడిపే లైసెన్సు ఒక్కరికే. ఫోనులో టికెట్టు కొనుక్కోవచ్చు. పైన ఒక కమిషన్ ఉంటుంది, తప్పు చేస్తే జరిమానా వేస్తుంది. సింగపూర్‌లోనూ నడిపేది ఒక్కరే, ఫోనులో కొనాలంటే ముందు నువ్వెవరో రుజువు చేసుకోవాలి. అమెరికాలో రాష్ట్రానికో చట్టం. అక్కడ ఒక నది మీది వంతెనను నేను రెండు ఫోన్లు పట్టుకుని నడిచి దాటాను. ఇటు రాష్ట్రం నెట్‌లో టికెట్లు అమ్మనిస్తుంది, అటు రాష్ట్రం అమ్మనివ్వదు. వంతెన మధ్యలో ఎక్కడ యాప్ మూగబోతుందో చూడడమే నా పని. అటు ఒడ్డున చేపలు పడుతున్న ఒకాయన నన్ను చూసి నేనేదో పోగొట్టుకున్నాననుకుని వెతకడానికి లేచాడు.

ఇండియాలో ఆంధ్రకి లాటరీయే నిషేధం. కేరళలో ప్రభుత్వమే అమ్ముతుంది, అదీ కాగితం టికెట్టే. మన మలేషియాలో లైసెన్సున్న కంపెనీలు కొన్నే. ముస్లింలకు అమ్మకూడదు. దుకాణానికి వెళ్ళి కొనాల్సిందే, నెట్‌లో నంబర్లు అమ్మే లైసెన్సు ఎవరికీ లేదు. మీ ఫోనుకి "మలేషియా ఆన్‌లైన్ లాటరీ" అని సందేశం వస్తే ఇంకేమీ చదవనక్కర్లేదు.

ఇంకో రకం ఉంది. ఎక్కడో పెద్ద దేశపు లాటరీ పేరు చెప్పి టికెట్టు అమ్ముతున్నట్టే ఉంటుంది. అడుగున చిన్న అక్షరాల్లో చూస్తే మీరు కొన్నది టికెట్టు కాదు, ఆ ఫలితం మీద పందెం. గెలిస్తే ఇవ్వాల్సింది ఆ దేశం కాదు, ఈ సైటువాడు.

ఆఖరి రకం చిన్న దీవుల లైసెన్సు. ప్రభుత్వం ఒక పెద్ద లైసెన్సు ఇస్తుంది. దాన్ని పుచ్చుకున్నవాడు కింద ఎంతమందికైనా పిల్ల లైసెన్సులు పంచుతాడు. పిల్లని కనిపెట్టుకుని ఉండాల్సింది ఆ పెద్ద లైసెన్సు, అంటే తల్లి. కొన్నిచోట్ల ఇప్పుడు ఈ పద్ధతి మారుస్తున్నారు. నేను చెప్పబోయే సైటు మాత్రం పాత పద్ధతిలోనే పుట్టింది.

కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. లైసెన్సు ఉందా అని అడగొద్దు, అందరి దగ్గరా ఉంటుంది. మోసపోయినవాడు ఫోను చేస్తే ఎవరు ఎత్తుతారో అడగండి. వీలైతే మీరే ఒకసారి చేసి చూడండి.

పిన్ని ఇంట్లో

ఆ సైటు ఫైలు నా బల్ల మీదికి వచ్చినప్పుడు నాకు చాలా నచ్చింది. నెట్‌లో నాలుగంకెల లాటరీ. కానీ నంబరు తీసేది కంప్యూటరు కాదు, బంతుల మిషను. ఆ దీవిలో ఒక స్టూడియో, అక్కడినుంచి ప్రత్యక్ష ప్రసారం. మిషన్ని మా దగ్గరికి తెప్పించి బంతులు తూచాం, కొలిచాం, రోజుల తరబడి తిప్పాం, తిరిగి పంపేశాం. ఏ వంకా లేదు. అంత మంచి మిషను మా పాత కంపెనీలో కూడా లేదు. కాగితాల్లో "మలేషియా వాసులకు అమ్మం" అని స్పష్టంగా ఉంది. ఆఖరి సంతకం నాది. అదొక్కటే మిగిలింది.

ఆ వారాంతం మా సన్యాసమ్మ పిన్నిని చూడ్డానికి బాగన్ దాతుక్ వెళ్ళాను. కంటి ఆపరేషన్ అయింది ఆవిడకి. నల్లద్దాలు పెట్టుకుని, వరండాలో కుర్చీలో, నలుగురు ఆడవాళ్ళ మధ్య కూచుని ఫోను చూస్తోంది.

"బేగి రాయే గౌరీ, కూకో. డ్రా అయిపోతంది," అంది.

వంగి చూశాను. నేను రోజుల తరబడి తిప్పిన మిషనే. అవే బంతులు.

అప్పుడే పిన్ని కొడుకు అప్పల్రాజు మోటారు సైకిలు దిగి వచ్చాడు. నాకన్నా చిన్న, అక్కా అనడానికి మా వాళ్ళ మాటలో నన్ను అప్పా అంటాడు. మిల్లులో పని పోయాక ఏదో ఏజెంటు పని చేస్తున్నాడని విన్నాను. అది ఏ పనో ఆ వరండాలోనే తెలిసింది. చుట్టుపక్కల వాళ్ళందరి పందేలు వాడి ఫోను నుంచే వెళ్తున్నాయి.

"సూసినావా అప్పా మా కంపెనీ? దుకాణమైతే బండేసుకుని పోవాల, లైన్లో నిలబడాల, తీరా ఎల్తే నంబరు అయిపోనాది అంటాడు. మాదాన్లో సోల్డ్ అవుట్ అన్న మాటే నేదు. ఏ నంబరైనా, ఎంతైనా!"

లిమ్ గారు నా భుజం వెనక నిలబడి దగ్గినట్టయింది.

"ఇంకోటి," అన్నాడు రాజు, గొంతు తగ్గించి, గర్వంగా. "అందరికీ సెప్పినాను. మిషను పరీచ్చ సేసింది మా అప్పే అని. పెద్ద ల్యాబులో మా అప్ప పనిసేస్తాది అని. నీ పేరు సెప్తే ఎవులూ మారు మాటాడ్నేదు."

"నేనింకా సంతకం పెట్టలేదురా."

"పెడతావు గదా. మిషను బావుంది గదా?"

"మిషను బాగుంది," అన్నాను.

అది విని వరండాలో ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని తృప్తిగా తలలూపారు. నా నోట్లోంచి వచ్చిన ఆ రెండు మాటలు వాళ్ళ ముఖాల మీద ఏం చేశాయో చూశాక చేతిలో కాఫీ కప్పు పక్కన పెట్టేశాను.

పిన్ని మాత్రం నిట్టూర్చింది. "మిషను బావుంటే ఏటవుద్ది? అమ్మోరికి మామీద కోపమొచ్చినాది. నా కల్లోకి వచ్చిన నంబరు నానొక్కద్దాన్నే కడితే ఎప్పుడైనా కూసింత తగుల్తాది. అందరం కలిసి ఒకటే నంబరు కడితే ఒక్కపాలీ రాదు లా. సుబ్బయ్య మావ సచ్చిపోనప్పుడు ఆ మావ బండి నంబరు ఊరు ఊరంతా కట్టినాం. తేరు లాగిననాడూ కట్టినాం. రానేదు. ఆశపోతులమని అమ్మోరికి తెలిసిపోనాది."

అమ్మవారికి తెలిసిందో లేదో గాని, ఎవరికో తెలుస్తోందని నాకు అనిపించింది. ఏ నంబరు మీద ఎక్కువమంది ఉన్నారో ఎవరికో డ్రాకి ముందే తెలుస్తోంది.

డెరెక్ లెక్క

కౌలాలంపూర్ తిరిగొచ్చి ఒక పని చేశాను. పత్రికల్లో పడిన ప్రమాదాల బండి నంబర్లు, దుకాణాల్లో సోల్డ్ అవుట్ బోర్డు పడిన నంబర్లు పోగు చేశాను. అంటే జనం ఎగబడే నంబర్లు. వాటిని లైసెన్సున్న కంపెనీల ఫలితాలతో పోల్చాను. అప్పుడప్పుడు, తక్కిన నంబర్ల లాగే, వాటికీ బహుమతి తగిలింది. ఈ సైటు ఫలితాలతో పోల్చాను. ఒక్కటీ లేదు. ఎంత వెనక్కి వెళ్ళినా లేదు.

ఇది రుజువు కాదు. రుజువు ఏ వైపు ఉందో చూపించే వేలు. మిషను నిజాయితీది, బంతులు నిజాయితీవి. అలాంటప్పుడు ఇది ఎలా సాధ్యం? నాకు ఒకటే దారి కనపడింది. ఒక్కో డ్రాకి ముందుగానే చాలాసార్లు బంతులు తిప్పి వీడియోలు తీసి పెట్టుకుంటే? అమ్మకం మూశాక, ఎవరు ఏ నంబరు కట్టారో చూసి, తక్కువ ఇవ్వాల్సి వచ్చే వీడియోని "ప్రత్యక్ష ప్రసారం" అని వదిలితే? ప్రతి వీడియోలోనూ బంతులు నిజంగానే తిరుగుతాయి. నేను వెయ్యేళ్ళు తూచినా ఏమీ దొరకదు.

ల్యాబ్ డైరెక్టరు డెరెక్ దగ్గరికి వెళ్ళాను. మా వాళ్ళు ఆడుతున్నారన్నది ముందే చెప్పాను, దాచకూడదు కనక.

అతను కాగితం తిరగేసి వేలు పెట్టి చూపించాడు. "మలేషియాలో అమ్మబోమని రాసి ఉంది గౌరీ. కాబట్టి మీ పిన్నిగారు ఆడటం లేదు."

"నల్లద్దాలు పెట్టుకుని మరీ ఆడుతోంది."

"మనల్ని అడిగింది మిషను గురించి. మిషను బాగుందా, లేదా?"

"బాగుంది."

"అదే రాయి. అబద్ధం రాయమనడం లేదు నిన్ను."

డెరెక్ చెడ్డవాడు కాదు. జీతం ఏనాడూ ఆలస్యం చేయలేదు, మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇంటికి వంట పంపించాడు. కానీ తన పని ఎక్కడ ఆగుతుందో తనే గీత గీసుకుని, ఆ గీత అవతల చూడకపోవడాన్ని క్రమశిక్షణ అనుకునే మనిషి. ఈ వృత్తిలో నాకు దొంగల కంటే ఇలాంటివాళ్ళే ఎక్కువ తగిలారు. వాళ్ళతో గొడవ పడి లాభం లేదు. వాళ్ళ గీత లోపల పట్టే పరీక్ష ఒకటి తయారు చేసుకుని వెళ్ళాలి.

"ప్రత్యక్ష ప్రసారం అన్నది వాళ్ళ కాగితంలోనే ఉంది. అదైనా పరీక్షించనివ్వు," అన్నాను.

ఒప్పుకున్నాడు.

గోంగూర

పరీక్ష చాలా తేలిక. అమ్మకం మూశాక నేను ఒక మాట పంపుతాను. యాంకరు ఆ మాటని కాగితం మీద రాసి కెమెరాకి చూపించి, ఆ కాగితాన్ని మిషను అద్దానికి అంటించాలి. కెమెరా మార్చకుండా అప్పుడు బంతులు తిప్పాలి. సైటువాళ్ళు సరేనన్నారు. చక్కగా మర్యాదగా జవాబు రాశారు.

ఇది ఆఫీసులో కూచుని చెయ్యొచ్చు. కానీ రాజు చూడాలనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం డ్రాకి బాగన్ దాతుక్‌లోనే ఉన్నాను. అమ్మకం మూసేదాకా ఎవరికీ ఏమీ చెప్పలేదు. మూసినట్టు తెర మీద పడగానే అడిగాను:

"పిన్నీ, ఒక మాట చెప్పు. ఏదైనా సరే."

"ఏటి మాట?"

"నీ నోటికి ఏదొస్తే అది."

"గోంగూర," అంది పిన్ని, ఆలోచించకుండా.

అదే పంపాను. అప్పుడు అందరికీ సంగతి చెప్పాను. రాజు పకపకా నవ్వాడు. "ఓలమ్మో, ఆ దేశపోళ్ళకి గోంగూరేటి తెలుస్తాది!" ఆడవాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

యాంకరమ్మాయి తెర మీదికి వచ్చింది. చేతిలో తెల్ల కాగితం. ఇంగ్లీషు అక్షరాల్లో గోంగూర. "గాంగ్-గురా" అని పలికి ముద్దుగా నవ్వింది. వరండా అంతా చప్పట్లు. రాజు లేచి నిలబడ్డాడు.

"సూసినావా అప్పా! లైవే! నీకు ఎప్పుడూ అనుమానమే లా. సూసినావా?"

నేను తెర మీదినుంచి కళ్ళు తీయలేదు. అమ్మాయి కాగితం పట్టుకుని పక్కకి నడిచింది. ఒక్క క్షణం తెర మీద సైటు గుర్తు మెరిసింది. తరవాత మిషను కనిపించింది. గాలి మొదలైంది. బంతులు ఎగురుతున్నాయి.

అద్దం మీద ఏమీ లేదు.

"వెనకాతల అంటించినారేమో," అన్నాడు రాజు.

మొదటి బంతి వచ్చింది. రెండోది. కెమెరా మిషను చుట్టూ నెమ్మదిగా తిరిగింది, అంత అందంగా తిరగకపోయినా బాగుండేది. ముందు లేదు, పక్కన లేదు, వెనక లేదు. మూడో బంతి. నాలుగోది. సంగీతం.

పిన్ని నల్లద్దాలు తీసేసి ఫోనుని ముక్కు దాకా తెచ్చుకుంది.

"మరి మన గోంగూర ఏదే?"

రాజు తన ఫోను తీసి అదే వీడియోని వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. మళ్ళీ జరిపాడు. తరవాత జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకోకుండానే మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

సంతకం

యాంకరు మర్చిపోయిందని సైటువాళ్ళు రాశారు. ఇంకోసారి చేద్దామన్నాను. ఆ రోజు సాంకేతిక లోపం వల్ల ప్రసారం లేదు, ఫలితం మాత్రం వచ్చింది. మూడోసారి అడిగితే జవాబే లేదు.

ఆ దీవిలో అధికారుల ఆఫీసుకి ఫోను చేశాను. ఎత్తినాయన మర్యాదస్తుడే. "వాళ్ళది పిల్ల లైసెన్సు అమ్మా, తల్లి లైసెన్సు వాళ్ళని అడగండి" అని నంబరిచ్చాడు. చేస్తే, ఎత్తిన గొంతు నాకు తెలిసిందే. మాకు మర్యాదగా ఉత్తరాలు రాస్తూ, అప్పుడప్పుడు ఫోనులోనూ మాట్లాడే సైటు మనిషే అది. తల్లీ పిల్లా ఒక్కరే.

సంతకం పెట్టనని డెరెక్‌కి చెప్పాను.

"మిషను వరకైనా?"

"ఆ ఒక్క మాటతోనే కదా వాళ్ళకి పని. మిగతాదంతా దాని వెనక దాక్కుంటుంది."

అతను నన్ను తీసెయ్యలేదు, తిట్టలేదు. ఫైలు వెనక్కి పంపేశాడు. కొన్నాళ్ళకి ఇంకో దేశంలో ఇంకో ల్యాబు ఆ మిషనుకి సర్టిఫికెట్ ఇచ్చింది. చదివాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

మీరు చేరబోయే పనిలో పెద్ద ప్రమాదం లంచం కాదు. లంచం తెలిసిపోతుంది, చెయ్యి కాలుతుంది. ప్రమాదం ఇది. చిన్న నిజాన్ని అడుగుతారు. మీ దగ్గర అది ఉంటుంది. ఇవ్వకపోతే మీరే మొండివాళ్ళలా కనపడతారు. అది తీసుకెళ్ళి దేనికి తగిలిస్తారో అడగండి. చెప్పకపోతే ఇవ్వకండి.

రాజు

పోలీసులకి చెబుతానని రాజుతో ముందే అన్నాను. వాడి ఫోనే ఆ ఊళ్ళో సాక్ష్యం. వాడి పెళ్ళాం నా కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. పిన్ని ఏడ్చింది. "నీ నోటితో నీ తమ్ముణ్ణి పట్టిస్తావేటే?" అని అడిగింది. రెండు వారాలు ఆగుతాను, ఆ తరవాత ఆగను అన్నాను.

ఆ గడువు తీరకముందే వాడే స్టేషనుకి వెళ్ళాడు. నాకు చెప్పలేదు. తన పైన ఉన్న ఏజెంటు ఎవరో, వాడితో ఫోనులో మాటలన్నీ ఎలా నడిచాయో చూపించేశాడు. కోర్టులో వాడికి జరిమానా పడింది. పై ఏజెంటు ఉండే అపార్ట్‌మెంటులో పోలీసులకి దొరికింది గుట్టగా ఫోన్లు, ముగ్గురు పనివాళ్ళు. సైటు ఉన్నది అక్కడ కాదు. కొద్దిరోజుల్లోనే అది వేరే పేరుతో, వేరే రంగుతో మళ్ళీ తెరుచుకుంది. వీడియోలు ముందే తీసి ఎంచుతున్నారన్నది ఇప్పటికీ నా అనుమానమే. కళ్ళతో చూసినవాళ్ళెవరూ నాకు దొరకలేదు. ఈ వృత్తిలో చాలా కథలు ఇలాగే ముగుస్తాయి. ముందే తెలుసుకోండి.

రాజు చాలాకాలం నాతో మాట్లాడలేదు. మళ్ళీ మిల్లులోనే ఏదో పని దొరికింది. నేను రిటైరైన ఏడాది, ఒక పొద్దుట చెప్పకుండా కౌలాలంపూర్ వచ్చాడు. ఒక సంచీ నిండా లేత కొబ్బరికాయలు దించి, వంటింటి బల్ల దగ్గర కూచున్నాడు. కాఫీ పెట్టాను. కప్పు చేతుల్లో తిప్పాడు.

"అప్పా, ఒకటడుగుతాను. ఆ మిషను నిజంగా మంచిదేనా?"

"మంచిదే రా."

"బంతులో?"

"బంతులూ మంచివే."

"లైసెన్సు?"

"ఉంది."

"పరీచ్చ సేసింది నువ్వే."

"నేనే."

వాడు కప్పు కింద పెట్టాడు. "అయితే ఊళ్ళో నాను సెప్పినవన్నీ నిజాలే గదా," అన్నాడు మెల్లగా. "ఒక్క అబద్ధమూ ఆడ్నేదు నాను."

"ఆడలేదు," అన్నాను.

అది విన్నాక వాడు బల్ల మీద తల పెట్టుకున్నాడు. నేను లేచి వెళ్ళి వాడి వీపు మీద చెయ్యి వేసి, అలాగే నిలబడ్డాను.